పిలుపు, గడువు

విద్య వలన వివేకమును, జీవనమును రెండును కలుగవలెనని పెద్దల మాట. ఈ రెండింటికిని పొత్తు కుదిర్చిన విద్యాలయము ధన్యము. కుదుర్పలేనివే లోకమున ఎక్కువ. స్వదేశమున చదువుకొనువానికి ఈ లోపము ప్రాణాంతకము కాదు. పట్టము చేతికి వచ్చిన పిమ్మట ఒక యేడు ఊరక కూర్చున్నను తల్లి కంచములో అన్నము పెట్టును; మేనమామ తెలిసినవారితో ఒక మాట చెప్పి చూచును; అదియు కాకున్న పోటీ పరీక్షకు మరల కూర్చుండవచ్చును. పరదేశమున చదువు విద్యార్థికి ఇట్టి వెసులుబాటు లేదు. అతని చదువునకు గడువు ఉన్నట్లే అతని నివాసమునకును గడువు ఉన్నది. ఉద్యోగము దొరకకపోవుట అతనికి నిరుద్యోగము మాత్రమే కాదు. ఆ దేశమున నిలుచుటకే హక్కు లేకపోవుట.

అతడు చేరినది మతసంస్థ నడపు విశ్వవిద్యాలయమైనచో ఈ చిక్కు మరికొంత లోతు పడును. అమెరికాలో ఇట్టి విశ్వవిద్యాలయములు కొలదిగా లేవు. వాషింగ్టను నగరములోని జార్జిటౌను విశ్వవిద్యాలయమును 1789లోను, సెయింట్ లూయీ విశ్వవిద్యాలయమును 1818లోను, ఇండియానా రాష్ట్రములోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమును 1842లోను కాథలిక్కులు స్థాపించిరి. మొదటి రెండును జెసూటు సంఘమువారి సంప్రదాయమునకు చెందినవి. ఇతర క్రైస్తవ శాఖలవారి విశ్వవిద్యాలయములు వేరుగ ఉన్నవి. తెలుగువారికి ఈ తీరు చదువు కొత్తది కాదు. 1843లో రాబర్ట్ నోబిల్ మచిలీపట్నమున నెలకొల్పిన పాఠశాలలోను, 1885లో గుంటూరున వెలసిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను తిలకము దిద్దుకొన్న పిల్లలును, టోపీ ధరించిన పిల్లలును తరతరములుగా చదివిరి. ఆ పిల్లల మనుమలును, ముని మనుమలును ఇప్పుడు సముద్రములు దాటి అట్టి విశ్వవిద్యాలయములకే పోవుచున్నారు. 2023-24 విద్యా సంవత్సరమున అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగు బిడ్డల పాలు పెద్దదని తెలుగునాట ఏ వీథిలో అడిగినను చెప్పుదురు.

మతసంస్థల విశ్వవిద్యాలయములు ఉద్యోగమును గూర్చి మాటలాడు భాష వేరు. వారి నోట తరచుగా వినవచ్చు మాట 'పిలుపు'. లాటిను భాషలో పిలుచుట అను అర్థముగల ధాతువునుండి ఆ మాట పుట్టినది. ప్రతి మనుష్యుని భగవంతుడు ఏదో ఒక పనికి పిలుచుననియు, ఆ పిలుపును ఆలకించి పోల్చుకొనుటయే వృత్తి నిర్ణయమనియు వారి భావము. ఒకప్పుడు సన్న్యాసులకును, మతాచార్యులకును మాత్రమే చెల్లిన ఈ మాటను పదునారవ శతాబ్దమున మార్టిన్ లూథరు చెప్పులు కుట్టువానికిని, పాలు పితుకు స్త్రీకిని కూడ వర్తింపజేసెను. ఇది ఉదాత్తమైన భావమే. జీతపు అంకెను చూచి పనిని ఎన్నుకొను కాలమున, ఈ పని దేనికి, ఎవరికి అని అడుగు విద్యాలయము ఒకటి ఉండుట మేలే. ఇతర మతస్థుడైన విద్యార్థికి సైతము ఆ ప్రశ్న పరాయిది కాదు. స్వధర్మమను మాట ఎరిగినవానికి పిలుపు అను మాట ఏల తెలియకుండును?

అయితే పరదేశ విద్యార్థి విషయమున ఈ పిలుపునకు అడ్డముగా మరియొకటి నిలిచియున్నది. అది వలస చట్టము. పిలుపునకు తిథివారములు లేవు, చట్టమునకు ఉన్నవి. ఆ లెక్కను ఒకమారు సావధానముగా చూడవలెను.

అమెరికాలో చదువుటకు సాధారణముగా ఇచ్చునది ఎఫ్-1 వీసా. దానిపై వచ్చినవారు తరగతులు జరుగు దినములలో విశ్వవిద్యాలయ ఆవరణలో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. చదువు పూర్తియైన పిమ్మట తాము చదివిన విషయమునకు నేరుగా సంబంధించిన పనిలో 12 నెలలు అనుభవము గడించుటకు అనుమతి పొందవచ్చును. దీనినే ఓపీటీ అందురు. విజ్ఞానము, సాంకేతికము, ఇంజనీరింగు, గణితము అను శాస్త్రములలో పట్టము పొందినవారికి మరి 24 నెలలు పొడిగింపు లభింపవచ్చును. దరఖాస్తును చదువు ముగియుటకు 90 దినములు ముందునుండి, ముగిసిన తరువాత 60 దినములలోపల పెట్టుకొనవలెను. అనుమతి వచ్చిన పిమ్మట మొదటి 12 నెలల కాలములో మొత్తము మీద 90 దినములకు మించి పని లేక ఉండరాదు. ఆపైన నిలువగోరువారికి తరచుగా కనబడు ద్వారము హెచ్-1బి వీసా. సంవత్సరమునకు 65,000, అమెరికాలో ఉన్నత పట్టము పొందినవారికి అదనముగా 20,000. అభ్యర్థుల సంఖ్య ఇంతకు మించినప్పుడు ఎంపిక జరుగును. అనేక సంవత్సరములు అది కేవలము లాటరీ. 2025 సెప్టెంబరు 19వ తేదీన వెలువడిన ఒక అధ్యక్ష ప్రకటన, దేశము వెలుపల ఉన్నవారి కొరకు పెట్టు కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపును విధించెను. ఒక్క రాత్రిలో లెక్కలు తారుమారగుట ఎట్లుండునో ఆనాడు ఎందరో చూచిరి.

ఈ అంకెలు పొడిగా కనబడవచ్చును. కాని వీనిలోనే ఒక యువకుని యౌవనమును, ఒక కుటుంబపు పొలమును ఇమిడియున్నవి. ఒకే వసతి గృహమున పక్క పక్క మంచములపై పడుకొను ఇద్దరు స్నేహితులను తలచుకొనవలెను. ఒకరు కంప్యూటరు శాస్త్రము, ఒకరు సమాజ సేవా శాస్త్రము. మొదటివారికి మూడు సంవత్సరముల వ్యవధి కలదు. రెండవవారికి ఒక్కటే సంవత్సరము. పేదలకు సేవ చేయుడని విశ్వవిద్యాలయము ఇద్దరికిని ఒకే పీఠమునుండి బోధించినది. ఆ బోధ విని నిజముగ ఆ దారి పట్టినది రెండవవారు. గడువు తగ్గినది కూడ వారికే. ఇందు విశ్వవిద్యాలయపు తప్పు లేదు, చట్టము అట్లున్నది. కాని ఆ సంగతి చేరిన మొదటి దినముననే చెప్పకపోయినచో అది విశ్వవిద్యాలయపు తప్పే.

చివరి సంవత్సరమున ఉద్యోగ మేళా జరుగును. వెల్లని గుడ్డ పరచిన బల్లలు, వాని వెనుక కంపెనీల ప్రతినిధులు, వారి ముందు ఇస్త్రీ చొక్కాలతో విద్యార్థులు. రెండు మంచి మాటలు జరుగును. ప్రతినిధి చిరునవ్వు నవ్వును. పిమ్మట ఒక ప్రశ్న వచ్చును: ఇప్పుడు గాని ఇకముందు గాని మీకు వీసా నిమిత్తము మా పూచీ అవసరమగునా? అవునన్నచో ఎన్నో తావుల సంభాషణ అంతటితో ముగియును. ఏ బల్ల యొద్ద ఆ ప్రశ్నకు తావున్నదో, ఏ బల్ల యొద్ద లేదో ముందుగ తెలిసినచో ఆ విద్యార్థి సాయంకాలమంతయు వరుసలలో నిలుచుండడు. దప్పిగొన్నాక నుయ్యి త్రవ్వినట్లు చివరి సంవత్సరమున మొదలిడు ప్రణాళిక ప్రణాళిక కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. పిలుపు దైవికము, దానిని తేదీలతోను, దరఖాస్తులతోను ముడిపెట్టుట అల్పత్వము కాదా యని. ఈ ఆక్షేపణకు సమాధానము జెసూటు సంఘపు మూల పురుషుని చరిత్రలోనే ఉన్నది.

ఇగ్నేషియస్ లయోలా స్పెయిను దేశస్థుడు. 1521లో పాంప్లోనా కోట పోరులో కాలికి ఫిరంగి దెబ్బ తగిలి సైనిక జీవితమునకు దూరమయ్యెను. ముప్పది ఏండ్లు దాటిన పిమ్మట బార్సిలోనాలో చిన్న పిల్లల సరసన కూర్చుండి లాటిను వ్యాకరణము నేర్చెను. 1528లో పారిసు చేరెను. ఆనాటి పారిసు విశ్వవిద్యాలయము మతపీఠపు నీడలో పెరిగిన సంస్థ. నలుదిక్కుల దేశములనుండి విద్యార్థులు అచ్చటికి వచ్చుచుండిరి. నేటి భాషలో చెప్పవలెనన్న ఇగ్నేషియస్ మతాశ్రయ విశ్వవిద్యాలయమున ఒక పరదేశ విద్యార్థి. చేత డబ్బు లేదు. సెలవులలో ఫ్లాండర్స్ ప్రాంతమునకు పోయి అచ్చటి స్పానిష్ వర్తకులను యాచించి ఏడాది ఖర్చు కూడబెట్టుకొనెడివాడు. ఒకమారు లండను వరకు పోయెను. అతని గదిలో ఉండిన ఫ్రాన్సిస్ జేవియరు నవార్ ప్రాంతపు కులీనుడు. అతనికి చేతిలో అధ్యాపక పదవియు, మనసులో పాంప్లోనా దేవాలయమున మంచి రాబడిగల కొలువుపై ఆశయు ఉండెను. ఒకే గదిలో ఒకరికి పిలుపు, మరియొకరికి ఉద్యోగము. ఆ గది నేటి వసతి గృహములన్నిటికిని ప్రతిబింబము.

1534 ఆగస్టు 15వ తేదీన మోంమార్త్ర గుట్టమీద ఏడుగురు స్నేహితులు ఒక ప్రతిజ్ఞ చేసిరి. జెరూసలేము పోయి అచ్చట సేవ చేయవలెననుట వారి కోరిక. చదువరులు గమనింపదగినది ఆ ప్రతిజ్ఞలోని రెండవ భాగము. ఒక సంవత్సరము వేచినను ఓడ దొరకనిచో రోమునకు పోయి పోపు ఏ పనికి పంపిన ఆ పనికి పోవుదుమని వారు ముందుగనే అనుకొనిరి. 1537లో వెనిసు రేవున వేచియుండిరి. తురుష్కులతో వచ్చిన యుద్ధ భయమున జెరూసలేమునకు ఓడలు సాగలేదు. వారు కుప్పకూలలేదు, రెండవ దారి పట్టిరి. 1540లో జెసూటు సంఘమునకు పోపు ఆమోదము లభించెను. 1542లో జేవియరు గోవాలో అడుగిడెను. నేడు ఏ సంఘము పేరిట అన్ని విశ్వవిద్యాలయములు నడచుచున్నవో ఆ సంఘము మొదటి కోరిక ఫలింపకపోవుట వలన పుట్టినది. పిలుపునకు గడువు పెట్టుట వారు అల్పత్వమని తలపలేదు. ఒక్క సంవత్సరమని గీత గీచిరి. దారి మూతపడినచో ఎటు పోవలెనో ముందుగ వ్రాసికొనిరి. ఇదియే వృత్తి ప్రణాళిక.

అంతే కాదు. ఇగ్నేషియస్ రచించి 1548లో అచ్చయిన ఆధ్యాత్మిక సాధనల గ్రంథమున జీవితమార్గమును ఎన్నుకొనుటకు కొన్ని ఉపాయములు చెప్పబడినవి. ఒక మార్గమువలని లాభములను, నష్టములను, మానినచో కలుగు లాభనష్టములను వేరువేరుగ తూచి చూడవలెను. ముక్కు మొగము తెలియని మనిషి ఒకడు ఇదే సందిగ్ధములో ఉండి సలహా అడిగిన ఏమి చెప్పుదుమో అదే తమకును చెప్పుకొనవలెను. ఈ రెండు ఉపాయములకును మతభేదము లేదు. కొలువు కుదుర్చుకొనబోవు ఏ విద్యార్థికైనను ఇంతకంటె పనికివచ్చు పాఠము అరుదు. దీనిని ప్రార్థనామందిరమున బోధించి, ఉద్యోగ సలహా కార్యాలయమున మరచిపోవుటయే నేటి లోపము.

తూర్పు దేశముల చరిత్రలో సైతము ఈ పాఠము కలదు. నలంద బౌద్ధ మహావిహారము. అనగా మతాశ్రయమైన విద్యాపీఠము. ఏడవ శతాబ్దమున చీనా దేశమునుండి వచ్చిన హ్యూన్‌త్సాంగ్ అచ్చట శీలభద్రుని యొద్ద సుమారు ఐదేండ్లు చదివెను. తెలుగు నేలమీది ధాన్యకటకమున కూడ కొన్ని మాసములు ఆగి భిక్షువుల యొద్ద అభిధర్మము నేర్చెను. చదువు ముగిసిన పిమ్మట నలంద భిక్షువులు ఇచ్చటనే ఉండిపొమ్మని కోరినను అతడు ఒప్పుకొనలేదు. స్వదేశమునుండి చక్రవర్తి అనుమతి లేకయే బయలుదేరినవాడగుటచే, తిరుగు ప్రయాణమున ఖోటాను నగరమునుండి చక్రవర్తికి విన్నపము పంపి, ఇంటి వాకిలి తెరిపించుకొని మరీ అడుగు పెట్టెను. 645లో 657 గ్రంథములతో రాజధాని చేరి, శేషజీవితమును అనువాదమున గడపెను. అతని తరువాత వచ్చిన ఇత్సింగ్ మరింత ముందుచూపు గలవాడు. 671లో ఓడ ఎక్కి, దారిలో శ్రీవిజయమున ఆరు మాసములు ఆగి సంస్కృత వ్యాకరణము అభ్యసించి, ఆ తరువాతనే భారతదేశమునకు వచ్చెను. నలందలో పదేండ్లు చదివి తిరిగి పోవునప్పుడు మరల శ్రీవిజయమున నిలిచి అనువాదము సాగించెను. ఈ ఇద్దరికిని తిరిగి పోవుట ఓటమి కాలేదు. చదువునకు బయలుదేరిన నాడే తాము ఏ పనికై తిరిగి రావలెనో వారికి తెలియును. తిరుగు దారియే వారి ప్రణాళిక.

ఈ తిరుగు దారినే ముఖ్య సూత్రముగా పెట్టుకొన్న విశ్వవిద్యాలయము ఒకటి నేడును కలదు. హవాయి దీవులలో ఓఆహు ద్వీపపు ఉత్తర భాగమున లాయియె అను చిన్న ఊరున్నది. మార్మనులని లోకము పిలుచు క్రైస్తవ శాఖవారు 1955లో అచ్చట ఒక కళాశాల స్థాపించిరి. 1974నుండి అది బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయపు హవాయి శాఖగా నడచుచున్నది. పసిఫిక్ దీవులనుండియు, ఆసియా దేశములనుండియు వచ్చు విద్యార్థులే దానికి ప్రాణము. ఆ దీవుల కుటుంబములకు డాలర్లతో ఫీజు కట్టు శక్తి లేదు. అందుచే 1963లో ఆ ఊరనే పాలినీషియా సాంస్కృతిక కేంద్రము నెలకొల్పిరి. టోంగా, సమోవా, ఫిజీ మొదలగు దీవుల నాట్యములను, ఇండ్లను, పడవలను యాత్రికులకు అచ్చట చూపుదురు. ఉదయము తరగతిలో లెక్కలు చదివిన విద్యార్థి సాయంకాలము అచ్చట తన తాతల నాట్యమాడి ఫీజు సంపాదించుకొనును.

తరువాతి కాలమున ఆ విశ్వవిద్యాలయము మరియొక పథకము ఏర్పరచినది. ఎంపికైన పరదేశ విద్యార్థి చదువుచు, పనిచేయుచు ఉండును; ఖర్చులో లోటుపడిన భాగమును సంస్థ భరించును. అందు కొంత అప్పుగా వ్రాయబడును. పట్టము పొంది స్వదేశ ప్రాంతమునకు తిరిగి పోయి పనిచేయువారికి ఆ అప్పు మాఫీ యగును. పథకపు పేరులో 'కులెయానా' అను హవాయి మాటను చేర్చిరి. దాని అర్థము బాధ్యత. అచ్చటి ఉద్యోగ సలహాదారులు అడుగు ప్రశ్న ఏ కంపెనీలో చేరుదువని మాత్రమే కాదు. ఏ దేశమునకు తిరిగి పోయి ఏమి చేయుదువని. తిరిగి పోగల శక్తి అనునది వారి మాటలలో ఒక విద్యార్హత వంటిది.

ఈ పద్ధతిలో మెచ్చదగినవి రెండు. మొదటిది నిజాయితీ. విద్యార్థి భవిష్యత్తును గూర్చి సంస్థ ఏమి కోరుచున్నదో మొదటి దినముననే కాగితముపై ఉన్నది. రెండవది, తిరుగు దారికి విలువ కట్టుట. తిరిగి పోవుట ఎవరికి నచ్చని గతియో కాక, రొక్కము పెట్టి ప్రోత్సహింపదగిన మార్గమైనది. అయితే ఇందును చిక్కులు లేకపోలేదు. కొన్ని వేల జనాభాగల దీవికి ఎందరు లెక్కల గుమాస్తాలు కావలెను? ఎందరు కంప్యూటరు నిపుణులకు అచ్చట కొలువు దొరకును? పని లేని ఊరికి పొమ్మని చెప్పుట సేవ కాజాలదు. అప్పు మాఫీ యాశ ఒక వైపు, తమ్ముళ్ల చదువు ఒక వైపు లాగుచుండగా యువకుని అంతరాత్మపై భారము మోపుట కూడ కొంత కఠినమే. తిరిగి పొమ్మను విద్యాలయము, తిరిగి పోయిన చోట పని ఉన్నదా యని కూడ చూడవలెను. ఆ దేశపు యజమానులతో, బడులతో, ఆసుపత్రులతో సంబంధము పెంచుకొనక తిరిగి పొమ్మనుట సగము సలహా.

అయినను సగము సలహా ఏమియు చెప్పకపోవుటకంటె మేలు. తక్కిన మతాశ్రయ విశ్వవిద్యాలయములలో పెక్కు ఈ తిరుగు దారిని గూర్చి మాటయే ఎత్తవు. ఇచ్చట ఒక ధర్మసూక్ష్మము కలదు. ఎఫ్-1 వీసా కోరి కాన్సులేటు కిటికీ ముందు నిలిచిన విద్యార్థి, స్వదేశమున తనకు ఇల్లున్నదనియు, దానిని విడుచు ఉద్దేశము లేదనియు అధికారిని నమ్మింపవలెను. చట్టము కోరు మాట అది. అట్లు చెప్పి వచ్చిన విద్యార్థి ఆ తరువాత చట్టము అనుమతించినంత కాలము పనిచేయుటలో దోషము లేదు. మనసు మారుటలోను దోషము లేదు. కాని విశ్వవిద్యాలయమున అడుగుపెట్టిన నాటినుండి తిరిగి పోవుటను గూర్చి ఒక్కరును మాటలాడకున్నచో, కిటికీ ముందు పలికిన మాట ఉత్త తంతుగా మిగులును. సత్యమును మొదటి పాఠముగా చెప్పు విద్యాలయమునకు ఇది శోభింపదు. ఆ మాటకు విలువ రావలెనన్న తిరుగు దారి నిజముగ ఒక దారిగా ఉండవలెను. హైదరాబాదులోనో, విశాఖపట్టణములోనో, మనీలాలోనో, నైరోబీలోనో ఉన్న పూర్వ విద్యార్థుల పేర్లు సలహాదారు బల్లపై ఉండవలెను. మతసంస్థలకు దేశదేశముల పాఠశాలలు, ఆసుపత్రులు, పరోపకార సంఘములు ఉన్నవి. ఇట్టి కొమ్మలు సాధారణ విశ్వవిద్యాలయమునకు లేవు. ఉన్న కొమ్మలను వాడుకొనకపోవుట తరువునకు లోపము.

నిలువగోరువారికి సైతము ఈ సంస్థలు చేయదగినది కలదు. హెచ్-1బి సంఖ్యా పరిమితి అందరికిని వర్తింపదు. విశ్వవిద్యాలయములు, వానికి అనుబంధమైన లాభాపేక్షలేని సంస్థలు, లాభాపేక్షలేని పరిశోధన సంస్థలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఆ పరిమితికి వెలుపల ఉన్నవి. వానికి లాటరీ లేదు. విద్యార్థులు సాధారణముగా పెద్ద కంపెనీల పేర్లు మాత్రమే ఎరుగుదురు. తాము చదువు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలయో, అనుబంధమైన ఆసుపత్రియో తమకు ద్వారము కాగలదని ఎరుగరు. ఇది మొదటి సంవత్సరమున తెలిసిన ఇంటర్న్‌షిప్ ఎచ్చట చేయవలెనో తెలియును. చివరి మాసమున తెలిసిన పశ్చాత్తాపమే మిగులును.

మరియొక సంగతి కూడ దాచరాదు. అమెరికాలో 1964నాటి పౌరహక్కుల చట్టము మతసంస్థలకు ఒక మినహాయింపు ఇచ్చినది. ఉద్యోగమిచ్చుటలో తమ మతస్థులను ఎన్నుకొనుటకు వానికి వీలున్నది. అన్ని సంస్థలును దానిని ఒకే రీతిగ వాడుకొనవు. కొన్ని అందరిని చేర్చుకొనును. కొన్ని తమవారికే మొదటి తాంబూలమిచ్చును. ప్రవేశమునకు సర్వమతములవారిని ఆహ్వానించి, ఉద్యోగమునకు వచ్చుసరికి గడప యొద్ద నిలుపు సంస్థ ఆ భేదమును ముందుగ చెప్పవలెను. అన్నముపెట్టి ఆదరించిన ఇంటనే ఆ మాట చివరన వినవలసివచ్చుట విద్యార్థికి చట్టపు కంటె ఎక్కువ నొప్పించును.

ఇంతవరకు విశ్వవిద్యాలయపు బాధ్యత. విద్యార్థి బాధ్యత అంతకంటె తక్కువది కాదు. తెలుగునాట పై చదువునకు అమెరికా పోవు పిల్లవాని వెనుక తరచుగా ఒక బ్యాంకు అప్పు, ఒక పొలపు కాగితము, ఒక అక్క పెండ్లికై దాచిన సొమ్ము నిలిచియుండును. విమానాశ్రయమున దండలు వేయునప్పుడు ఆ సంగతి ఎవరును ఎత్తరు. అప్పు నెల తిరుగునప్పటికి పలుకును. అందుచే ఆశకు రెండు చిత్రములు గీయవలెను. ఉండగలిగినచో ఏమి, తిరిగి రావలసివచ్చినచో ఏమి అని బయలుదేరుటకు ముందే కాగితముపై వ్రాసికొనవలెను. రెండవ కాగితము వ్రాయుటకు చేయి ఆడకున్నచో ఆ అప్పు ఆ కుటుంబము భరింపగలిగినది కాదని గ్రహింపవలెను. వీసా నియమములు ఏటేట మారుచున్నవి కావున పక్క ఊరి అన్నగారు మూడేండ్ల క్రిందట చెప్పినది నేటికి ప్రమాణము కాదు. విశ్వవిద్యాలయపు పరదేశ విద్యార్థుల కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను. ఆ కార్యాలయమునకు పోవుటకు సిగ్గుపడి, స్నేహితుల మాటపై నడచి వీసా పోగొట్టుకొన్నచో బాధ్యులు ఎవరు?

ఇంట తల్లిదండ్రులు కూడ ఒక మాట నేర్చుకొనవలసియున్నది. తిరిగి వచ్చిన బిడ్డను ఎదురింటివారు, 'ఏమి, వచ్చేసినాడా?' అని అడుగుదురు. ఆ ప్రశ్నకు తలవంచుకొను తండ్రి, తెలియకయే, తన బిడ్డను అక్రమపు దారులకు నెట్టుచున్నాడు. తిరిగి వచ్చుట సిగ్గుపడవలసిన పని యని భావించు సమాజమునకు ప్రణాళిక అక్కరలేదు. దానికి లాటరీయే చాలును. హ్యూన్‌త్సాంగ్ చాంగాన్ నగరమున అడుగుపెట్టినప్పుడు వీథులన్నియు జనముతో నిండినవట. ప్రతి పట్టభద్రునికి అంత ఊరేగింపు అక్కరలేదు. వచ్చినవానిని వచ్చితివా నాయనా యని, ఏమి నేర్చితివని అడుగుట చాలును.

ఉపాధ్యాయుల పాత్ర ఇక్కడనే. పదవ తరగతి గదిలో, ఇంటర్మీడియెటు గదిలో పై దేశపు చదువుల మాట ఎన్నిమారులో వచ్చును. ఏ విశ్వవిద్యాలయము గొప్పదని పిల్లలు అడుగుదురు. గొప్పతనపు పట్టికలు ఎవరైనను చూపగలరు. ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. నీవు నేర్వదలచిన విద్య ఏ పనికి? ఆ పని ఎచ్చట ఉన్నది? ఒక దారి మూసికొన్న మరియొకటి ఏది? నీవు చేరబోవు సంస్థ దేనిని నమ్మును, నిన్ను ఏమి కోరును? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని పోవు పిల్లవాడు ఏ మతసంస్థ నీడలో చదివినను తన మతమును, మతిని నిలుపుకొని రాగలడు.

మతాశ్రయ విశ్వవిద్యాలయములు పిలుపును గూర్చి మాటలాడుట మానవలసిన పని లేదు. ఆ మాట వారికి అలంకారము. కొందరు విద్యార్థులకు జీవితమునే మార్చినది. కాని ఓడ కొరకు వెనిసు రేవున వేచిన ఏడుగురికి పిలుపుతోపాటు ఒక గడువును, ఆ గడువు దాటినచో మరియొక దారియు ఉండినవి. పరదేశ విద్యార్థికి ఆ మూడును కలిపి చెప్పవలెను, అదియు పట్టము పుచ్చుకొను నాడు కాక, పెట్టె దించిన నాడే.